పడక కుర్చీకి మూడు చక్రాలు

నడుము అనేది ఒకటి ఉన్నదని తెలియకుండా బ్రతికినన్నాళ్లే మనిషి సుఖంగా బ్రతికినట్టు లెక్క. కడుపు ఉన్నదని రోజుకు మూడుసార్లు ఆకలి చెబుతుంది. నడుము అట్లా కాదు. నలభై ఏళ్లు నోరు మూసుకొని చాకిరీ చేస్తుంది. ఒకనాడు నోరు విప్పుతుంది. విప్పితే ఇక మూయదు. మా నడుము 2022 వేసవిలో నోరు విప్పింది.

ఈ పుటలో మేము "మేము, మేము" అని వ్రాసుకోవడం చూసి, "అయ్యా, మీరు మొత్తం ఎంతమంది?" అని సంఘం మీటింగులో ఒక పెద్దమనిషి అడిగారు. అంతవరకూ ఒక్కరమే. ఆ వేసవి నుంచి మాత్రం ఇద్దరము. మేమూ, మా నడుమూ. రెండవ ఆసామి ఒప్పుకోనిదే మేము గడప దాటలేము.

మాది బెంగళూరు హనుమంతనగరం. తాతలనాడు చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. ఆఫీసు ఆడుగోడిలో. పోను ఆరేడు కిలోమీటర్లు, రాను ఆరేడు. ఊరంతా మోటారు బళ్లెక్కినా మేము ఇరవై ఏళ్లుగా సైకిలు విడువలేదు. అది గాంధీగారి మీద భక్తి అనుకునేరు. జీతం మీద భక్తి. ఒకనాటి ప్రొద్దున సైకిలు స్టాండు తీయడానికి వంగాము. వంగినవాళ్లము వంగినట్టే ఉండిపోయినాము. మా అబ్బాయి వచ్చి, బియ్యపు మూట పట్టినట్టు పట్టి లోపలికి చేర్చాడు.

ఎముకల డాక్టరు స్కానింగు తీయించి, బొమ్మ చూపించి చెప్పారు. వెన్నుపూసల నడుమ చిన్న చిన్న దిండ్లవంటివి ఉంటవట. మా నడుములో నాలుగవ పూసకూ అయిదవ పూసకూ మధ్యనున్న దిండు వెనుకకు ఉబ్బి, కాలిలోకి దిగే నరాన్ని నొక్కుతున్నదట. అందుకే నొప్పి పిరుదులో పుట్టి పిక్క దాకా జారుతున్నది. చాలామందికి కోత లేకుండానే కొన్ని వారాలలో తగ్గుముఖం పడుతుందని ధైర్యం చెప్పారు. "కాని ఒక మాట గుర్తుపెట్టుకోండి. కాలిలో బలం తగ్గినా, తొడల సందున తిమ్మిరెక్కినా, మూత్రం మీద పట్టు తప్పినా తెల్లవారనిద్దామని ఆగకండి. ఆ క్షణమే ఆసుపత్రికి రండి" అన్నారు. ఈ మాట మా చదువరులు కూడా గుర్తుపెట్టుకోవాలని ఇక్కడ వ్రాస్తున్నాము.

హాయిగా నెలరోజులు పడుకోమంటారేమోనని లోలోపల ఆశపడ్డాము. ఆ ఆశా తీరలేదు. రెండు రోజుల కంటె మంచం పట్టవద్దన్నారు. నడవమన్నారు, వ్యాయామం నేర్చుకోమన్నారు, సైకిలు మాత్రం కొన్నాళ్లు కట్టిపెట్టమన్నారు.

సైకిలు కట్టిపెడితే బస్సు. బస్సులో కూర్చునే చోటు దొరికితే గతుకులు, దొరకకపోతే వ్రేలాడడం. డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా మా రెండవ ఆసామి కేక పెట్టేవాడు. ఆటోలో పోదామంటే నెలాఖరుకు జీతంలో ఏమి మిగులుతుందో మేము గుమాస్తాలము గనుక ముందే లెక్క వేయగలిగాము. సెలవులు అయిపోయినవి. జీతం కోసే సెలవులు మొదలైనవి. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గాని, మా ఇంటావిడ చక్కెర డబ్బా మూత తీసినప్పుడల్లా లోపలికి తొంగి చూడడం మేము గమనించకపోలేదు.

ఆ రోజులలో మాకు నొప్పి మరుపునకు వచ్చే చోటు ఇంటిలో ఒక్కటే ఉండేది. అది మా నాయన పడక కుర్చీ. టేకు కర్రలకు దళసరి గుడ్డ తగిలించిన పాతకాలపు కుర్చీ. ఆయన పోయినా వసారాలో దాని చోటు పోలేదు. అందులో వాలి, కాళ్లు ఒక ముక్కాలిపీట మీద పెడితే, ఎవరో వీపు క్రింద అరచేయి పెట్టి పట్టుకున్నట్టు ఉండేది. ఇది మా భ్రమ అనుకున్నాము. కాదట. స్వీడను దేశంలో నాకెమ్‌సన్ అనే ఎముకల డాక్టరు 1960ల నుంచి, బ్రతికి ఉన్న మనుష్యుల నడుము దిండులోకి సన్నని సూది పంపి, అక్కడి ఒత్తిడిని కొలిచాడు. ముందుకు వంగి కూర్చుంటే ఆ ఒత్తిడి పెరుగుతుంది. వీపుకు ఆధారం ఇచ్చి వెనుకకు వాలితే తగ్గుతుంది. మా నాయన ఏ సూదీ లేకుండానే ఆ సంగతి కనిపెట్టాడు.

మూడు నెలలకు నొప్పి సగం తగ్గింది. వ్యాయామం నేర్పే అమ్మాయి సైకిలు చూస్తానన్నది. సీటు మరీ క్రిందికి ఉన్నదని పైకి ఎత్తించింది. పెడలు అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు చక్కగా సాగాలి, అది కొలత అన్నది. హ్యాండిలు పైకి లేపించి దగ్గరికి తెప్పించింది. స్ప్రింగుల సీటు వేయించింది. ఖర్చు వందలలో తేలింది. నడుము నొప్పి గలవారు ముందు చేయవలసిన పని ఇదే. చాలామందికి ఇంతటితోనే సరిపోతుంది కూడా. మాకు సగం సరిపోయింది. కాని ఎంత స్ప్రింగు వేసినా, ఒంటి బరువంతా అరచేతి వెడల్పు సీటు మీద మోపి కూర్చున్నప్పుడు, గుంతలో పడిన చక్రం దెబ్బ తిన్నగా వెన్నులోకే ఎక్కుతుంది. మా దారిలో గుంతలకు కొదువ లేదు. రెండు కిలోమీటర్లు దాటేసరికి పిక్కలో తీగ లాగేది.

ఒకనాటి సాయంత్రం మేము పడక కుర్చీలో ఉండగా మా అబ్బాయి సెల్‌ఫోను తెచ్చి, "నాన్నా, ఈ కుర్చీకి చక్రాలు వేసిన సైకిళ్లున్నవి" అన్నాడు. నిజంగానే ఉన్నవి. ఇంగ్లీషువారు రికంబెంట్ సైకిలు అంటారు. మేము వాలు సైకిలు అనుకుందాము. సీటు అనే ముక్క లేదు. వీపు ఆనే కుర్చీ ఉన్నది. పెడళ్లు క్రింద గాక ఎదురుగా ఉన్నవి. మనిషి వాలి కూర్చొని, కాళ్లు ముందుకు చాచి తొక్కుతాడు. చేతుల మీద బరువు లేదు. మెడ ఎత్తి చూసే పని లేదు.

ఇది ఈనాటి వింత కాదు. ఫ్రాన్సు దేశంలో చార్లెస్ మోషే అనే ఆయన మొదట తన కొడుకు కోసం తొక్కుడు కారు వంటి నాలుగు చక్రాల బండి కట్టి, తరువాత ఇట్లాంటి రెండు చక్రాల వాలు సైకిలు కట్టాడు. 1933 జూలై 7న పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే పందెగాడు దానిమీద గంటలో 45 కిలోమీటర్ల 55 మీటర్లు తొక్కాడు. 1914 నుంచి చెక్కుచెదరకుండా ఉన్న 44 కిలోమీటర్ల 247 మీటర్ల రికార్డు దానితో పోయింది. ఫోర్ మొదటి వరుస పందెగాడేమీ కాదు. గాలికి అడ్డుపడకుండా వాలిన ఆ కూర్చోవడంలోనే బలమంతా ఉన్నది. పెద్దలకు ఇది నచ్చలేదు. అంతర్జాతీయ సైకిలు సంఘంవారు 1934లో సైకిలంటే ఇట్లా ఉండాలని కొలతలు గీచి, వాలు సైకిలును పందేల నుంచి వెలివేశారు. ఆ వెలి ఈనాటికీ తీరలేదు. అప్పటి నుంచి నలభై ఏళ్లు దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1970లలో అమెరికాలో డేవిడ్ గోర్డన్ విల్సన్ అనే ప్రొఫెసరువంటివారు మళ్లీ దుమ్ము దులిపి బయటికి తెచ్చారు.

పారిస్ పెద్దలు అప్పుడు వెలివేస్తే, మా ఇంటి పెద్ద ఇప్పుడు వేసింది. మా అమ్మ ఫోనులో ఆ బొమ్మ చూసింది. ముఖం మాడ్చుకున్నది. "కాళ్లు ముందుకు చాచి, వెల్లకిలా పడుకొని, వీధి వెంట పోయేది ఎవరురా? ఆ ప్రయాణం మనిషికి ఒక్కటే. బ్రతికుండగా రోజూ పోయివస్తానంటావా?" అన్నది.

ఇంట్లో ఎవరికీ నోరు పెగలలేదు. డాక్టరు మాటకు ఎదురు చెప్పవచ్చు, స్వీడను డాక్టరు లెక్కలకూ చెప్పవచ్చు. ఈ మాటకు ఏమి చెబుతాము? మా నాయనను ఆ వీధి వెంటే తీసుకొనిపోయినాము. ఆమె గడపలో నిలబడి చూసింది. వాలు సైకిలు మాట నెల రోజులు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ నెలలో ఒకనాడు బస్సు దిగి ఇంటికి వచ్చి, వాకిలి గేటు పట్టుకొని నిలబడిపోయినాము. వసారాకు మూడే మెట్లు. ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో మాకు తెలియదు గాని, చూస్తూన్న అమ్మకు తెలుసు. చేయి పట్టుకొని తీసుకొనిపోయి పడక కుర్చీలో కూర్చోబెట్టింది. మరునాడు కాఫీ చేతికిస్తూ, "ఆ బండిలో మనిషి ఈ కుర్చీలో కంటె ఎక్కువ వాలుతాడా?" అని అడిగింది. ఎంత వాలాలో కట్టించుకునేవాడి ఇష్టమని చెప్పాము. "అయితే ఈ కుర్చీ కొలతే తీసుకోమను. మీ నాయన ముప్పై ఏళ్లు దీంట్లో కూర్చొని పేపరు చదివినాడు. ఆయన్ను చూసి ఎవరూ అపశకునం అనలేదు" అన్నది.

వాలు సైకిళ్లలో రెండు చక్రాలవీ ఉన్నవి, మూడు చక్రాలవీ ఉన్నవి. రెండు చక్రాల దాని మీద నిలదొక్కుకోవడం మళ్లీ క్రొత్తగా నేర్చుకోవాలి. నడుము బాగాలేనివాడు నేర్చుకుంటూ పడకూడదు. మూడు చక్రాలలో ముందు రెండు, వెనుక ఒకటి ఉండే రకం నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. మలుపులో గట్టిగా నిలుస్తుంది. కాని అందులో నుంచి లేవడం బావిలో నుంచి లేవడమే. ముందు ఒకటి, వెనుక రెండు ఉండే రకం మన ఆటోరిక్షా తీరున ఉంటుంది. సీటు కుర్చీ ఎత్తున పెట్టుకోవచ్చు. కూర్చోవడమూ లేవడమూ సులువు. కారువాడి కంటికీ ఆనుతాము. దానికే మొగ్గినాము.

సీమ నుంచి తెప్పించే బండ్ల ధర చూసి ఫోను మూసేశాము. కాళ్లు లేనివారికి చేతితో త్రిప్పే మూడు చక్రాల బండ్లు చేసే ఒక భాయి మా పేటకు దగ్గరలోనే ఉన్నాడు. మా బొమ్మ చూసి, "సార్‌కు యాక్సిడెంటు అయిందా?" అని అడిగాడు. కాకుండానే ఇంతవరకూ వచ్చామన్నాము. పాత గేరు సైకిళ్ల విడిభాగాలతో, ఇనుప గొట్టాలతో 2023లో కట్టి ఇచ్చాడు. మాకు రెండు నెలల జీతమంత అయింది. ఆటోలో పోయి ఉంటే ఆ సొమ్ము ఎన్నాళ్లు వచ్చేదో మా ఇంటావిడే లెక్క వేసి ఊరుకున్నది.

మూడుసార్లు సరిచేయవలసి వచ్చింది. మొదటిసారి పెడళ్లు మరీ దగ్గరై మోకాళ్లు గడ్డానికి వచ్చినవి. పెడళ్లున్న గొట్టాన్ని ముందుకూ వెనుకకూ జరుపుకునేట్టు చేశాడు. రెండవసారి సీటు గుడ్డ జోలెలా జారి నడుము గూనిలా వంగింది. అది పాత నొప్పికి క్రొత్త దారి. నడుము ఒంపు దగ్గర వెనుక ఒక పట్టీ బిగించాడు, ఒంపు నిండింది. మూడవసారి, వాకిట్లో నిలబెట్టిన బండి తనంతట తానే వీధిలోకి బయలుదేరింది. మూడు చక్రాల బండికి స్టాండు ఉండదు గదా! బ్రేకు పట్టిన పట్టున నిలిచేట్టు కట్టు పెట్టించాము. గొలుసు పొడుగు చూసి మా అబ్బాయి ఆశ్చర్యపోయినాడు. మామూలు సైకిలు గొలుసులు రెండూ, ఇంకొంతా కలిపితేగాని ముందరి పెడలు నుంచి వెనుక చక్రం దాకా అందలేదు.

వ్యాయామం అమ్మాయి చెప్పినట్టు మొదటి వారం పది నిమిషాలే తొక్కినాము. వీధి పిల్లలు వెంట పరుగెత్తారు. నాలుగురోడ్ల దగ్గర ఒక కుర్రవాడు స్కూటరు ఆపి, "ఏన్ అంకల్, మల్కొండే ఆఫీసిగా?" అన్నాడు. పడుకొనే ఆఫీసుకా అని. ఆఫీసులో మా ప్రక్క సీటు ఆయన ఊరుకుంటాడా? "ఇష్టు దివస ఆఫీసల్లి మలగ్తిద్రి, ఈగ దారీలూ మలగ్తీరా?" అన్నాడు. ఇన్నాళ్లూ ఆఫీసులో నిద్రపోయేవారు, ఇప్పుడు దారిలో కూడానా అని. నవ్వినాము. నడుము నొవ్వకుండా నవ్వి చాలా కాలమైంది గనుక ఇంకొకసారి కూడా నవ్వినాము.

ఇక దీని గుణదోషాలు ఉన్నవి ఉన్నట్టు చెప్పకపోతే చదువరులు మమ్మల్ని క్షమించరు.

ఎత్తు ఎక్కడం దీనికి గిట్టదు. మామూలు సైకిలు మీద ఎత్తు వస్తే లేచి నిలబడి ఒంటి బరువంతా పెడలు మీద వేస్తాము. ఇందులో లేవడమనేది లేదు. చిన్న గేరులో వేసుకొని, తేలికగా, వడివడిగా త్రిప్పుకుంటూ, నడిచేవాడితో కబుర్లు చెబుతూ ఎక్కవలసిందే. మా హనుమంతనగరం గుట్టల మీది పేట. పంతానికి పోయి బరువుగా తొక్కితే నడుము బదులు మోకాలు పట్టుకుంటుంది. మునుపటి దారికి ఇప్పుడు పావుగంట ఎక్కువ పడుతున్నది.

మూడు చక్రాలకు మూడు దారులు. గుంతను ఒక చక్రం తప్పించుకుంటే ఇంకొక చక్రం వెదుక్కుంటూ పోయి పడుతుంది. అయితే ఆ దెబ్బ వెన్ను కొనకు గాక వీపంతటికీ గుడ్డ మీదుగా పంచుకొని వస్తుంది. అదే దీనిలో ఉన్న మేలంతా.

మలుపులో నెమ్మది అవసరం. వేగంగా త్రిప్పితే లోపలి చక్రం లేస్తుంది. కాలు పెడలు మీద నుంచి జారి నేలను తాకితే బండి ముందుకు పోయి కాలి మీదికే వస్తుంది. అందుకని పెడళ్లకు మడమ ఆనే కప్పూ, పట్టీ తప్పవు. లారీవాడికి కనపడడం కోసం వెనుక పొడుగాటి కర్రకు నారింజరంగు జెండా కట్టాము; పగలు కూడా ఎర్రదీపం వెలిగిస్తాము; అద్దం లేనిదే వెనుక ఏమి వస్తున్నదో తెలియదు. వాన వస్తే ముఖం మీదే కురుస్తుంది. మొదటి నెల తొడలలో ఎన్నడూ ఎరుగని కండరాలు నొచ్చినవి. వ్రేళ్లు తిమ్మిరెక్కితే దిగి నాలుగడుగులు వేసేవాళ్లము.

నొప్పి పోయిందా అని అడుగుతారు. పోలేదు. వాలు సైకిలు మందు కాదు. ఉబ్బిన దిండును అది లోపలికి నెట్టదు. ప్రొద్దున్నే చాప మీద చేసే వ్యాయామం మానిన వారం మా రెండవ ఆసామి మళ్లీ గొణుగుతాడు. ఆఫీసు కుర్చీలో గంటకొకసారి లేవకపోయినా గొణుగుతాడు. ఇది అందరికీ పడుతుందని కూడా చెప్పలేము. మాతో పనిచేసే ఒకాయన ముచ్చటపడి రెండు రోజులు తొక్కితే, ఆయనకు నడుము బాగున్నది గాని మెడ పట్టుకున్నది. తల ఆనడానికి దిండు పెట్టివుంటే ఏమయ్యేదో, ఆయన మూడవ రోజు రాలేదు.

కాని జీతం కోసే సెలవులు ఆగినవి. సాయంత్రం ఇంటికి వచ్చి గేటు పట్టుకొని నిలబడడం లేదు. ఇంతకాలం మేము నిటారుగా కూర్చొని తొక్కడమే మగతనం, వాలితే ముసలితనం అనుకున్నాము. నొప్పి ఓర్చుకుంటే పరువు నిలుస్తుందనీ, సైకిలు మానేస్తే పరువు పోతుందనీ, ఈ రెండే దారులనీ అనుకున్నాము. కూర్చునే తీరు మార్చుకోవడమనే మూడవ దారి వసారాలోనే, ముప్పై ఏళ్లుగా, గుడ్డ తగిలించుకొని కూర్చొని ఉన్నది. దాన్ని చూపించినది కొడుకు; ఒప్పుకున్నది అమ్మ; మేము చేసినది తొక్కడమే.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు మేము నాయన కుర్చీలో ఉంటే, అమ్మ వాకిట్లో నీడన ఆ బండిలో కూర్చొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంది. బ్రేకు కట్టు వేసి ఉన్నదా అని రెండుసార్లు అడిగి మరీ కూర్చుంటుంది.

సంఘంవారి ఉగాది సభకు మేము దాని మీదనే వస్తాము. నడుము నొప్పిగల సభ్యులు ఎవరైనా కూర్చొని చూడవచ్చు, మొహమాటం అక్కరలేదు. తొక్కాలనుకుంటే ముందు మీ డాక్టరును అడగండి. బ్రేకు కట్టు విప్పాలనుకుంటే మాత్రం మమ్మల్ని అడగండి.